దిగితేనే అచ్చు

మార్చి 3, మంగళవారం

అటక మీద ఉండాల్సిన అట్టపెట్టె హాల్లో ఉంది. డ్యూటీ నుంచి వచ్చేసరికి నేల కనిపించకుండా పత్రికలు పరిచి, మధ్యలో కూర్చుని అమ్మాయి తుమ్ముతోంది. మొత్తం ముప్ఫై ఒక్క సంచికలు. ఇరవై నాలుగేళ్లుగా ఎలకలు కూడా వాటి జోలికి పోలేదు. ఎలకలకున్న బుద్ధి మా అమ్మాయికి లేదు.

"ఈ ఫోటోలన్నీ నువ్వు తీసినవేనా నాన్నా?" అని అడిగింది. సగం నావేనన్నాను. పుట్టినప్పటి నుంచి నన్ను ఎక్స్‌రేలు తీసేవాడిగానే చూసిన పిల్ల. ఒకప్పుడు స్కేట్‌బోర్డు పత్రికలో పనిచేశానని, మనుషుల్ని చర్మంతో సహా ఫోటో తీసేవాణ్ననీ వినడమే గాని, కళ్లతో చూడటం ఇదే మొదలు. తనూ నాలుగేళ్లుగా బోర్డు ఎక్కి తిరుగుతోంది కాబట్టి సరదా పడుతోంది. అంతకంటే ఏమీ లేదు.

పాత కాగితాలు. ఏమీ లేదు.

ఈ నోటుబుక్కు ఇవాళే కొన్నాను. ఆసుపత్రిలో, సీసపు ఏప్రాన్లు తగిలించే బీరువా అడుగున పెడుతున్నాను. అక్కడికి మా ఆవిడ రాదు.

మార్చి 4, బుధవారం

అమ్మాయి పక్కన కూర్చుని పేజీలు తిప్పక తప్పలేదు. ఒక్కొక్కణ్నీ చూపించి వీడెవరు, ఇప్పుడేం చేస్తున్నాడు అని ఆరా. గాలిలో ఒకటిన్నర చుట్లు తిరిగేవాడు బొంగరం. ఇప్పుడు లిఫ్టులు బాగుచేస్తాడు, పైకీ కిందికీ తప్ప పక్కకి తిరిగే పని లేదు. నీళ్లు తోడేసిన ఈత కొలనులో గోడలెక్కి తిరిగిన అమ్మాయిని అందరం చేప అనేవాళ్లం. ఆవిడ ఇప్పుడు పళ్ల డాక్టరు. ఆవిడ ముందు పళ్లు రెండూ కట్టుడువేనని రోగులకి తెలియదు. పందొమ్మిదేళ్లకే జుట్టు నెరిసిన తాతయ్య ఎక్కడున్నాడో నాకు తెలియదు. అమ్మాయి పకపకా నవ్వింది. నాకూ కాసేపు హాయిగానే ఉంది, ఆ వయసు మళ్లీ వచ్చి పక్కన కూర్చున్నట్టు.

తర్వాత ఒక ఫోటో మీద వేలు పెట్టి, "ఇది దిగాడా?" అంది.

అచ్చయిందంటే దిగినట్టే అని చెప్పాను. మా పత్రిక నియమం అదొక్కటే. గాలిలోకి ఎవడైనా ఎగురుతాడు. మళ్లీ బోర్డు మీదే నేలకి దిగి, పడకుండా దొర్లుకుంటూ వెళ్లిపోతేనే ఆ విన్యాసం లెక్క. దిగనివాడి ఫోటో ఎంత బాగున్నా చెత్తబుట్టలోకే. ఎడిటర్ టేబుల్ వెనక గోడ మీద "దిగితేనే అచ్చు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఫోటో చేతికివ్వగానే ఆయన ముఖం కూడా చూడకుండా, దిగాడా అని అడిగేవాడు. ఫోటో తీసినవాడు చెప్పిందే సాక్ష్యం. ఇంకో సాక్ష్యం అడిగేవాడు కాదు.

"అంటే ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదన్నమాట," అంది అమ్మాయి మురిసిపోతూ.

ఆకలిగా ఉందని లేచి వచ్చేశాను.

మార్చి 6, శుక్రవారం

పదిహేడో సంచిక ఇంకా చదివినట్టు లేదు.

మార్చి 8, ఆదివారం

చదివింది.

ఆ సంచిక కవరు బొమ్మ అమ్మాయికి కొత్త కాదు. మా ఆవిడ అన్నయ్య, అంటే అమ్మాయికి మామయ్య, తన కొట్లో దాన్నే ఫ్రేము కట్టించి తగిలించుకున్నాడు. చిన్నప్పటి నుంచీ గోడ గడియారాన్ని చూసినట్టు చూస్తోంది. పత్రిక లోపల ఏముందో తెలియదు, అంతే. లోపలి పేజీలో అన్నీ ఉన్నాయి. పాత ఈత కొలను భవనం, పద్నాలుగు మెట్లు, పైన తలుపుల దాకా ఉన్న కాస్త జాగా, అంత చిన్న పరుగుతోనే మొత్తం మెట్లు దాటి దిగిన మిడత. వాళ్ల మామయ్యని మేం మిడత అనేవాళ్లం. దాటిన మొదటివాడూ చివరివాడూ వాడే. నేనే రాశాను ఆ నాలుగు వాక్యాలూ.

"ఆ మెట్లు ఇంకా ఉన్నాయి కదా నాన్నా?" అంది.

ఉన్నాయి. ఈ నెల ఇరవై మూడున భవనం కూలగొడతారట. ఆ నోటీసు కూడా అదే చూసి వచ్చింది. ఈలోగా తను దాటుతుందట.

వాడి వయసు వేరు, ఆ రోజులు వేరు అని ఏదో అన్నాను. వాడు దిగినప్పుడు వాడికి ఇరవై నాలుగు, తనకి ఇరవై, పెద్ద తేడా ఏముందంది.

వాడు దిగాడు. కవరు మీద ఉంది.

మార్చి 9, సోమవారం

వడ్రంగం షాపులో పనిచేసే పిల్లతో వాదించడం కష్టం, అన్నిటికీ టేపు తీస్తుంది. మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్లి కొలుచుకొచ్చిందట. మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు. పై మెట్టు నుంచి నేలకి ఏడడుగుల ఏడంగుళాలు. పైన పరుగుకి జాగా పద్దెనిమిది అడుగులు.

పద్దెనిమిది అడుగుల్లో చాలినంత వేగం రాదన్నాను. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో తెలియదు.

"అదే పరుగుతో మామయ్య దిగాడుగా."

మామయ్య తర్వాత పడి తుంటి విరగ్గొట్టుకున్న సంగతి మరిచిపోయావా అన్నాను. దానికీ జవాబు సిద్ధంగా ఉంది. అది రెండోసారి కదా, మొదటిసారి దిగాక పొగరుతో మళ్లీ వెళ్లి పడ్డాడని అమ్మ ఎప్పుడూ చెప్తుంది కదా అంది. "నేను ఒక్కసారే చేస్తాను నాన్నా. రెండోసారి వెళ్లను, ఒట్టు."

ఇంత తెలివైన పిల్ల, ఇంత జాగ్రత్తగా ఆలోచించి, నేను రాసిన నాలుగు వాక్యాలని పట్టుకుని చావడానికి వెళ్తోంది.

చావడానికి అని రాశాను. కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

మార్చి 11, బుధవారం

పదకొండు గంటలకి స్ట్రెచర్ మీద ఎవరో అమ్మాయిని తెచ్చారు. ముఖం మీద తడిగుడ్డ. కాళ్లకి నల్ల కాన్వాసు బూట్లు, కుడి బూటు పక్కన అరిగిపోయి ఉంది. బోర్డు తొక్కేవాళ్ల బూట్లు అక్కడే అరుగుతాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గుడ్డ తీసి చూడొచ్చు. రెండడుగులు వేస్తే చాలు. వెయ్యలేకపోయాను. గాజు వెనక నిలబడి మీటని అలాగే పట్టుకున్నాను.

ఆ పిల్ల అమ్మా అంది. గొంతు వేరు.

సైకిలు మీంచి పడిందట. మోచేయి విరిగింది. తొందరపడి మీట నొక్కి మొదటి ఫిల్ము పాడుచేశాను, రెండోసారి తీశాను. కాగితం మీద "ఎలా జరిగింది" అని ఒక గడి ఉంటుంది, రోజుకి ఇరవై మందిని అడిగి నింపుతాను. ఇవాళ ఆ ప్రశ్న నేను అడగలేదు. నర్సు అడిగింది.

మార్చి 12, గురువారం

మా ఆవిడకి అమ్మాయే చెప్పేసింది. ఇల్లు పీకి పందిరి వేసింది మా ఆవిడ. అమ్మాయి ఇరవై ఏళ్లదాన్ని అంది, సొంత సంపాదన అంది, తలుపు వేసుకుంది. తర్వాత మా ఆవిడ వంటింట్లో గిన్నె తోముతూ, తోమిందే తోముతూ, ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది.

"ఒకసారి దిగినవాడు మళ్లీ ఎందుకు వెళ్లాడంటావు?"

ఇరవై నాలుగేళ్లుగా ఏడాదికి రెండు మూడుసార్లు అడుగుతుంది. నేనూ ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాను, పొగరు అని. వాళ్ల నాన్న కూడా అదే అనుకుంటూ పోయారు. చివరి రోజుల్లో కొడుకు మంచినీళ్లిస్తే పక్కకి తిరిగి పడుకునేవారు, పొగరుతో కాలు పోగొట్టుకున్నాడని. ఇంత వయసొచ్చాక కుంటివాణ్ని సాకాల్సి వచ్చిందని అందరికీ వినపడేట్టే అనేవారు.

వాడంతట వాడే వెళ్లాడు. ఎవరూ తీసుకెళ్లలేదు. నేను ఆ రోజు ఊళ్లో కూడా లేను.

మార్చి 14, శనివారం

వాడి తుంటి పాత ఎక్స్‌రే ఒకటి నా దగ్గరుంది. ఇంటికి తీసుకెళ్లి కిటికీకి ఆనించి అమ్మాయికి చూపించాను. ఇదిగో ఎముక, ఇదిగో మూడు ముక్కలు, ఇదిగో పలక, పలకకి ఏడు మరలు. అది ఒక్కో మరనీ శ్రద్ధగా చూసింది. వడ్రంగం పిల్ల కదా, మరలు ఏ కొలతవో కూడా అడిగింది.

"పాపం మామయ్య," అంది. "ఆ రెండోసారి వెళ్లకుండా ఉండాల్సింది."

ఏ దారిన వెళ్లినా ఆ కవరే అడ్డొస్తోంది. దాన్ని అక్కడ పెట్టింది నేనే.

మార్చి 15, ఆదివారం

బోర్డు దాచేశాను. సాయంత్రానికి షాపు నుంచి కొత్తది చేసుకొచ్చింది. పాతదానికంటే గట్టిగా ఉంది. నాతో ఏమీ అనలేదు. దాచింది నేనని దానికి తెలుసు, తెలుసని నాకు తెలియాలని పాత బోర్డు చక్రాలు ఎక్కడున్నాయని మాత్రం అడిగింది. బియ్యం డబ్బా వెనకున్నాయని చెప్పాను. ఇంత బతుకూ బతికి ఇదీ నా వరస.

మార్చి 17, మంగళవారం

పొద్దున కాఫీ కప్పు నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆదివారం ఎనిమిది గంటలకి. సోమవారం కూలగొట్టేస్తారు కాబట్టి అదే ఆఖరి రోజు. "మామయ్యని తీసింది నువ్వే. నన్నూ నువ్వే తియ్యాలి. అదే చోట కూర్చుని."

కాఫీ తాగాను. వేడిగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు.

ఇప్పుడు ఆసుపత్రిలో భోజనాల వేళ. గదిలో ఎవరూ లేరు. రాస్తాను.

నేను ఆ రోజు ఊళ్లోనే ఉన్నాను.

వాడు దిగలేదు. తొమ్మిదిసార్లు ఎగిరాడు. ప్రతిసారీ పన్నెండో మెట్టు దగ్గరికి వచ్చేసరికి బోర్డుని తన్నేసి కాళ్ల మీద దూకాడు. ఒక్కోసారికి నాలుగేసి బొమ్మలు, రీలు అయిపోయింది. ఇంకోరోజు చూద్దాంలే అని ఇద్దరం టీ తాగి ఇళ్లకి పోయాం. రీలు కడిగి చూస్తే ఆరోసారి రెండో బొమ్మ. ఆకాశంలో నిలబెట్టినట్టు ఉన్నాడు. నీడ మాత్రం మెట్ల మీద విరిగి విరిగి పడింది. అంత మంచి ఫోటో నేను అంతకుముందు తియ్యలేదు, ఆ తర్వాతా తియ్యలేదు. ఎడిటర్ చాలాసేపు చూసి, దిగాడా అన్నాడు. దిగాడన్నాను. ఒక్క మాట. ఊపిరి తీసుకున్నంతసేపు కూడా పట్టలేదు.

కవరు అదేనని తెలిసి మిడత పరుగెత్తుకొచ్చాడు. ఒరేయ్ నేను దిగలేదు కదరా అన్నాడు. భయపడిపోయాడు. దిగనిది దిగానంటే ఇక వాడి ముఖం చూసేవాడు ఉండడు, మా వాళ్లలో అంతకంటే పరువు తక్కువ పని లేదు. అప్పుడు నేను అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "అచ్చుకి పోయిందిరా. బయటికి రావడానికి పది రోజులుంది. ఈలోగా ఎప్పుడో ఒకసారి దిగేయ్. అప్పుడది అబద్ధం ఎలా అవుతుంది?"

నాలుగోరోజు పొద్దున్నే ఒక్కడే వెళ్లాడు.

వాడంతట వాడే వెళ్లాడు అని మొన్న రాశాను. వెళ్లమన్నది నేను.

ఆ నెగటివ్‌లు అట్టపెట్టెలో ఉండవు. ఎప్పుడూ లేవు. ఇదే బీరువాలో పాత ఎక్స్‌రే కవరులో ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఇక్కడ పెట్టాను.

మార్చి 18, బుధవారం

వాడి కొట్టుకి వెళ్లాను. తాళాలు బాగుచేసి, మారు తాళంచెవులు చేసే కొట్టు. వాడి స్టూలు, స్టూలుకి ఆనించిన చేతికర్ర, వెనక గోడ మీద గాలిలో వాడు. ఇన్నేళ్లలో మేమిద్దరం ఆ సంగతి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. వాడు ఎవరికీ చెప్పలేదు. తండ్రి అన్ని మాటలంటున్నా నోరు విప్పలేదు. నేను వాడి చెల్లెలిని పెళ్లి చేసుకున్నాను, వాడు పెళ్లిలో కర్ర మీద నిలబడి అందరికీ వడ్డించాడు.

అమ్మాయి సంగతి చెప్పాను. వాడికి ముందే తెలుసట, సలహా అడగడానికి వచ్చిందట. వద్దని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏం చెప్పమంటావు? నేను చేశాను, నువ్వు చెయ్యకు అని చెప్పనా? చెప్పాను. వింటుందా?" తాళంచెవి అంచు ఆకురాయితో రుద్దుతూనే ఉన్నాడు.

నిజం చెప్పేస్తే నీ పరువు పోతుందేమోనని ఇన్నాళ్లూ ఆగానన్నాను. అప్పుడు తల ఎత్తాడు. ఆ ఫ్రేము వైపు ఒకసారి చూశాడు.

"దాని వెనక గోడకి చెమ్మ ఉందిరా. కనపడకుండా తగిలించాను," అన్నాడు. మళ్లీ తల దించి, "దిగానని చెప్పింది నువ్వు. దిగలేదని చెప్పాల్సిందీ నువ్వే."

నా కోసమే ఆగాను. వాడి కోసం కాదు.

మార్చి 19, గురువారం

ఇవాళ చెప్పలేదు. మా ఆవిడకి తలనొప్పిగా ఉంది.

మార్చి 20, శుక్రవారం

చెప్పాను. నెగటివ్‌లు తెచ్చి ట్యూబులైటు కింద పట్టి, ఒక్కో వరుసా చూపించాను. తొమ్మిది వరుసలు. ప్రతి వరుస చివర బోర్డు ఒక చోట, మనిషి ఒక చోట. అమ్మాయి లెక్కపెట్టుకుంటూ చూసింది. ఎడిటర్ అడిగిన మాట, నేను చెప్పిన మాట, వాడితో అన్న మాట అన్నీ చెప్పాను.

అమ్మాయి నెగటివ్‌లు అందుకుని మళ్లీ మొదటి వరుస నుంచి చూసింది. హమ్మయ్య, అర్థమైంది అనుకున్నాను. అప్పుడు అంది.

"అంటే ఇప్పటిదాకా ఎవరూ చెయ్యలేదన్నమాట."

దాని కళ్లు చూశాను. ఆ మెరుపు నాకు తెలుసు. ఒకప్పుడు వాళ్లందరి కళ్లలో దాని కోసమే కెమెరా పట్టుకుని తిరిగేవాణ్ని. నిజం చెబితే ఆగిపోతుందని అనుకుంటూనే రెండు వారాలు ఆ నిజం చెప్పడానికి భయపడ్డాను, ఇప్పుడదే దానికి ఇంకో నాలుగు చక్రాలైంది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నువ్వు చెప్పేదేదీ నేనింక ఎలా నమ్మాలి నాన్నా అని లోపలికి పోయింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఆ రోజు ఆసుపత్రి వరండాలో నువ్వు నన్నడిగిన మొదటి మాట గుర్తుందా?" అంది. "ఎలా జరిగింది అని అడిగావు."

గుర్తుంది.

"ఏడాదిపాటు రోజూ వచ్చావు. ఎక్స్‌రే గదికి నువ్వే మోసుకెళ్లేవాడివి. అన్నయ్య మీద ఎంత ప్రేమో అనుకున్నాను. అది చూసే నిన్ను చేసుకున్నాను."

ప్రేమే అని చెప్దామనుకున్నాను. ప్రేమ కూడా ఉంది. చెప్పినా ఎవరు నమ్ముతారు? పక్క గదిలో చాప వేసుకుని పడుకుంది.

మార్చి 21, శనివారం

కెమెరా బయటికి తీశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు. నేను వెళ్లకపోయినా అది వెళ్తుంది, అంతే తెలుసు.

మార్చి 22, ఆదివారం

ఏడున్నరకే అక్కడున్నాను. చుట్టూ రేకులు కట్టేశారు, ఒక మూల రేకు వంచి లోపలికి దారి చేసి ఉంది. మెట్ల మీద గడ్డి మొలిచింది. అమ్మాయి చీపురు తెచ్చుకుని పద్నాలుగు మెట్లూ ఊడ్చింది, పైన జాగా కూడా ఊడ్చింది. అంత శ్రద్ధగా ఇల్లు ఏనాడూ ఊడ్చి ఎరగదు. నాతో మాట్లాడలేదు. హెల్మెట్ పెట్టుకుంది, అదొక్కటే నాకు ఊరట.

అప్పుడు కూర్చున్న చోటే మోకాళ్ల మీద కూర్చున్నాను. మోకాళ్లు కటకటలాడాయి. కెమెరా కంటికి పెట్టుకున్నాను.

రెండుసార్లు అంచుదాకా వచ్చి ఆగింది. చక్రాల చప్పుడు తలుపుల దగ్గర మొదలై, దగ్గరికి వచ్చి, ఠక్కున ఆగేది. మూడోసారి ఆగలేదు. ఎగిరింది.

బాగా ఎగిరింది. వాడికంటే తేలిగ్గా ఎగిరింది. పన్నెండో మెట్టు దగ్గర బోర్డుని తన్నేసింది. రెండు మెట్ల మీద కాళ్లు తడబడి, ముందుకి పడి, అరచేతుల మీద ఆగింది. చేతులు గీరుకుపోయాయి. లేచి, నా వైపు చూడకుండా బోర్డు తీసుకుని మళ్లీ పైకెక్కింది. అచ్చం వాడిలాగే ఎక్కింది, ఇంకొంచెం చాలు అనుకుంటూ.

అదే పన్నెండో మెట్టు.

నేను కెమెరా నేల మీద పెట్టాను. లేచి వెళ్లి, దిగితే ఎక్కడ దిగాలో సరిగ్గా అక్కడ, మెట్ల కింద నిలబడ్డాను.

"నాన్నా, తప్పుకో."

తప్పుకోనన్నాను. ఆ కవరు ఫోటోని అబద్ధం చేసింది చాలక ఇది కూడా నాశనం చేస్తున్నావా అంది. అవునన్నాను. మీద పడతానంది. పడమన్నాను. తలుపుల దాకా వెళ్లి బోర్డు మీద కాలు పెట్టింది. చక్రాలు కదిలిన చప్పుడు వినిపించింది. కళ్లు మూసుకున్నాను. చప్పుడు అంచు దగ్గర ఆగింది.

అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. రేకు సందులోంచి మా ఆవిడ వచ్చింది, వెనకే వాళ్ల అన్నయ్య. ఆవిడ పక్క దారమ్మట పైకెక్కి, కూతురు పక్కన నిలబడి, రక్తం కారుతున్న ఆ చేతులు పట్టుకుంది. నా వైపు చూడలేదు. వాడు కర్ర పొడుచుకుంటూ ఎగుడుదిగుడు నేల మీద నడిచి, నేరుగా నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఆయాసపడుతున్నాడు. మెట్ల వైపు తిరిగాడు.

"నువ్వు కూర్చున్నది ఇక్కడేనా?"

"ఇక్కడే, ఆ కెమెరా ఉన్న దగ్గర."

కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా మెల్లగా చూశాడు. "పైనుంచి చూస్తే అందేట్టే ఉంటుందిరా. ప్రతిసారీ ఇంకొంచెమే కదా అనిపించేది. పడ్డరోజు కూడా అలాగే అనిపించింది. ఇక్కడి నుంచి చూడటం ఇదే మొదలు. ఇక్కడి నుంచి అలా లేదు."

అప్పుడు నా వైపు తిరిగాడు.

"తొమ్మిదిసార్లు ఇక్కడి నుంచే చూశావు. అందదని నీకు కనిపించిందా?"

ఇదీ నేను భయపడింది. అబద్ధమాడానని తెలుస్తుందని కాదు. ఈ ఒక్క ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని. ఇరవై నాలుగేళ్లలో ఎవరూ అడగలేదు, అందుకని నేనూ అడుక్కోలేదు. లేదురా, నాకేం తెలుసు అనొచ్చు. నమ్ముతాడు. వాడు నేను చెప్పింది ఎప్పుడూ నమ్మాడు. పైన అమ్మాయి వింటోంది, మా ఆవిడ వింటోంది.

"కనిపించింది," అన్నాను. "ఆరోసారికే కనిపించింది."

కొడతాడనుకున్నాను. కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఎక్కువసేపు నించోలేనురా అని ఖాళీ చెయ్యి నా భుజం మీద వేసి బరువంతా ఆనించాడు. మోయడానికి కష్టంగానే ఉంది. వాడు అక్కడి నుంచి కదల్లేదు, నేనూ కదల్లేదు. దిగాల్సిన చోటంతా మేమిద్దరం ఆక్రమించుకుని నిలబడ్డాం.

అమ్మాయి పై మెట్టు మీద కూర్చుంది. బోర్డు ఒళ్లో పెట్టుకుని మమ్మల్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. పద్నాలుగూ నడిచి దిగింది. మామయ్యకి రెండో వైపు భుజం ఇచ్చి, పద మామయ్యా అంది. రేకు దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే, "ఒక్కటైనా తీశావా?" అని అడిగింది.

తియ్యలేదన్నాను.

మార్చి 23, సోమవారం

పని మధ్యలో రెండుసార్లు బయటికొచ్చి విన్నాను. ఆసుపత్రి వరండాలోకి యంత్రం చప్పుడు వినిపించదు, చాలా దూరం. అయినా విన్నాను.

మార్చి 25, బుధవారం

బస్సులోంచి చూశాను. మెట్లు ఉన్నచోట రాళ్లగుట్ట.

ఇవాళ ఒక పెద్దాయన మెట్ల మీంచి జారి వచ్చాడు. ఎలా జరిగిందని అడిగాను. అంతా వివరంగా చెప్పాడు, చెప్పులు ఏ రంగువో కూడా. ఆపకుండా విన్నాను, బయట వరుస పెరిగిపోయి నర్సు తిట్టింది.

ఇంటికొచ్చేసరికి అట్టపెట్టె మళ్లీ అటకెక్కేసింది. పదిహేడో సంచిక ఒక్కటీ బల్ల మీద ఉంది. లోపలి పేజీలో నేను రాసిన నాలుగు వాక్యాల మీద వడ్రంగి పెన్సిలుతో, కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా గీత కొట్టి ఉంది. కింద అమ్మాయి చేతిరాత. తొమ్మిదిసార్లు ఎగిరాడు. దిగలేదు. పదోసారి పంపించారు.

ఎవరు పంపించారో రాయలేదు. అంత మాత్రం జాలి చూపించిందో, నేనే రాయాలని వదిలేసిందో అడిగే ధైర్యం నాకు లేదు. దాని పెన్సిలు పక్కనే ఉంది. పంపించింది నేనే అని రాశాను.

ఈ నోటుబుక్కు కూడా ఇవాళ ఇంటికి తెచ్చేశాను. బల్ల దగ్గర కూర్చుని రాస్తుండగానే మా ఆవిడ వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. శుక్రవారం నుంచి నాతో ఒక్క మాట లేదు. నోటుబుక్కు చూసింది. ఏం రాస్తున్నావని అడగలేదు. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుంది.

"ఎలా జరిగింది?" అంది. "మొదటి నుంచి చెప్పు. నేను ఆపను."

భయంగానే ఉంది. పెన్ను మూత పెడుతున్నాను.